ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతోంది, ఫొటోలు మాత్రం రావడం లేదు

తణుకులో మా ఇంటి ముందు గదే నా డీటీపీ సెంటర్. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, పెద్దకార్యం కార్డులు, గోడకి తగిలించే ఫొటో ఫ్రేములు, ఇవీ నా పనులు. ఏది చెయ్యాలన్నా ముందు వచ్చినవాళ్ళ ఫోన్లో ఉన్న ఫొటో నా కంప్యూటర్లోకి రావాలి. "వాట్సాప్‌లో పెట్టేస్తానండి" అంటారు అందరూ. వద్దండి, ఫోన్ ఒకసారి ఇటివ్వండి, కేబుల్ పెట్టి తీసుకుంటాను అంటాను.

కొందరికి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే పొడవు 4000 పిక్సెళ్ళు, వెడల్పు 3000. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ పొడవు 1600 దగ్గరికి పడిపోతుంది. 18 అంగుళాల ఫ్రేముకి 4000 పిక్సెళ్ళు సర్దితే అంగుళానికి 222 చుక్కలు పడతాయి, ప్రింటు నిండుగా ఉంటుంది. 1600 సర్దితే 89 చుక్కలే. పోయినావిడ ముఖం అంత పెద్దది చేసేసరికి బొట్టు అంచు అలుక్కుపోతుంది, ముక్కుపుడక తెల్ల మరకలా మిగులుతుంది. చాలా ఇళ్ళల్లో ఆ మనిషికి ఉన్న మంచి ఫొటో అదొక్కటే. హెచ్‌డీ నొక్కి పంపినా ఎంతో కొంత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది, ఒకటి రెండు ఫొటోలకైతే అది చాలు. ఆల్బమ్‌కి వందల ఫొటోలు కావాలంటే కేబులే దారి.

ఆ కేబుల్ దగ్గరే గొడవంతా. "గుచ్చితే ఛార్జింగ్ ఎక్కుతుందండి, కంప్యూటర్లో మాత్రం ఫోన్ కనపడట్లేదండి" అని ఇంటి దగ్గర ప్రయత్నం చేసి విసిగిపోయి వస్తారు. వచ్చేలోపు కొందరు నెట్‌లో దొరికిన, ఫోన్‌ని కంప్యూటర్‌కి పరిచయం చేసే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లేవో ఎక్కించేసి ఉంటారు. ఒకాయన ఫోన్ రీసెట్ కొట్టబోయి, వాళ్ళమ్మాయి ఆపితే ఆగారు. ఇవేవీ అక్కర్లేదు. ఫోన్, కంప్యూటర్ కలవడంలో నాలుగు సంగతులు వరసగా జరుగుతాయి: ఫోన్‌కి కరెంటు వెళ్ళాలి, ఏదో వస్తువు తగిలిందని కంప్యూటర్ గుర్తుపట్టాలి, లోపలికి రావడానికి ఫోన్ ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఫోల్డర్లు తెరుచుకోవాలి. ఎక్కడ ఆగిందో ముందు చూసుకుంటే సగం పని అయినట్టే. అది చూడకుండా అన్నీ ఒకేసారి మార్చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికే.

కరెంటు వెళ్తోంది, కంప్యూటర్ మాత్రం గుర్తుపట్టడం లేదు అంటే నా మొదటి అనుమానం ఎప్పుడూ కేబుల్ మీదే. చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. పాడైపోయిన కేబుళ్ళు రెండు, కట్టింగ్ ప్లేయర్‌తో మధ్యకి తెంపి మేజా మీద పెట్టుకున్నాను, వచ్చినవాళ్ళకి చూపించడానికి. ఒకదాంట్లో నాలుగు సన్నటి తీగలు: ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. రెండోదాంట్లో ఎరుపు, నలుపు మాత్రమే. ఎరుపు, నలుపు కరెంటు మోస్తాయి. తెలుపు, ఆకుపచ్చ డేటా మోస్తాయి. ఆ రెండో కేబుల్ ఒక ట్రిమ్మర్‌తో పాటు వచ్చింది. దానికి ఫొటోలతో పని లేదు కాబట్టి ఆ రెండు తీగలూ వెయ్యలేదు. ఇయర్‌బడ్స్‌తో, పవర్‌బ్యాంకులతో, చిన్న లైట్లతో వచ్చే కేబుళ్ళల్లో కూడా ఇలాంటివి ఉంటాయి. ఇంట్లో అన్నీ ఒకే సొరుగులో పడి ఉంటాయి, చేతికి దొరికింది తీసి గుచ్చుతాం. అందుకే షాపులో "ఛార్జింగ్ కేబుల్" అని అడక్కండి, "డేటా కేబుల్" అని అడగండి, కొనేముందు అక్కడే ఒకసారి కంప్యూటర్‌కి పెట్టి చూపించమనండి. ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్ ఉంటే దాన్ని విడిగా దాచుకోండి. నేను అలాంటివాటికి రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టి పెట్టాను, మా ఇంట్లో ఎవరూ దాన్ని ఛార్జర్‌కి తగిలించరు.

కేబుల్ మంచిదో కాదో తేల్చుకోవడానికి డివైస్ మేనేజర్ చాలు, కంప్యూటర్‌కి తగిలి ఉన్న వస్తువులన్నిటి జాబితా అది. విండోస్ గుర్తు ఉన్న మీట పట్టుకుని ఎక్స్ నొక్కితే వచ్చే పట్టీలో ఉంటుంది. దాన్ని తెరిచి పెట్టి, దాని మీదే కళ్ళు ఉంచి కేబుల్ గుచ్చండి. కంప్యూటర్ గుర్తుపడితే ఆ జాబితా అంతా ఒక్కసారి చెదిరి మళ్ళీ సర్దుకుంటుంది. డేటా తీగలు లేని కేబుల్ అయితే జాబితా కదలనే కదలదు. కదిలి, ఫోన్ పేరు పక్కన పసుపు పచ్చ ముక్కోణం కనిపిస్తే గొడవ కేబుల్‌లో లేదు, కంప్యూటర్ లోపల ఉంది. ఇంకేమీ తెలియకపోయినా ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది.

కేబుల్ మంచిదే అయినా జాబితా కదలకపోతే ఫోన్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. ప్యాంటు జేబులోని నూలుపీచు, దుమ్ము కలిసి రంధ్రం అడుగున గట్టిపడిపోతాయి. కేబుల్ చివర పూర్తిగా దిగదు, ఒక పక్కకి వంచి పట్టుకుంటే ఛార్జింగ్ ఎక్కుతుంది, వదిలేస్తే పోతుంది. ఫోన్ స్విచాఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా పీచు బయటికి లాగితే సరిపోతుంది. గుండుసూది, పిన్నీసు మాత్రం వద్దు, లోపలి పిన్నులు వంగితే రిపేరు ఖర్చు పడుతుంది. ఇక కంప్యూటర్ వైపు: క్యాబినెట్ ముందు భాగంలో ఉండే యూఎస్‌బీ పోర్టులు లోపల ఒక తీగ ద్వారా మదర్‌బోర్డుకి వెళ్తాయి, వెనక ఉన్నవి నేరుగా బోర్డు మీదే ఉంటాయి. ముందు పోర్టు మొరాయిస్తే వంగి వెనక పోర్టులో పెట్టండి. మధ్యలో హబ్ (ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా) ఉంటే తీసేయండి.

కంప్యూటర్ గుర్తుపట్టింది, 'టుడుంగ్' మంది, అయినా ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఇది మూడో మెట్టు. ఫోన్ ఇంకా ఒప్పుకోలేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కేబుల్ గుచ్చగానే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే చేసుకుంటుంది. ఫైళ్ళు ఇవ్వాలంటే మనం చెప్పాలి. ఎవరైనా బస్టాండులో, ఆఫీసులో ఛార్జింగ్ పెట్టుకుంటే మన ఫొటోలు అవతలి కంప్యూటర్లోకి వెళ్ళిపోకూడదని పెట్టిన కాపలా అది. మంచి పని. ముందు ఫోన్ లాక్ తీయండి. పై నుంచి నోటిఫికేషన్ల తెర కిందికి లాగండి. 'ఛార్జింగ్ దిస్ డివైస్ వయా యూఎస్‌బీ' అని ఒక గీత చిన్నగా కనిపిస్తుంది, చాలాసార్లు సైలెంట్ నోటిఫికేషన్ల కింద, అట్టడుగున ఉంటుంది. దాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. అంతే, ఫోల్డర్లు వచ్చేస్తాయి. మా దగ్గరికి వచ్చే ఫోన్లలో కేబుల్ తర్వాత ఎక్కువగా తగిలేది ఇదే.

అసలు ఫోన్ పెన్‌డ్రైవ్‌లా ఎందుకు తెరుచుకోదని అడుగుతారు. ఒకప్పుడు అలాగే తెరుచుకునేది. అప్పట్లో కంప్యూటర్‌కి ఇచ్చినంతసేపూ ఆ మెమొరీని ఫోన్ వాడుకోలేకపోయేది, మధ్యలో కేబుల్ లాగేస్తే మెమొరీ చెడిపోయేది కూడా. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3తో ఎంటీపీ అనే పద్ధతి మొదలైంది. కిరాణా కొట్లో మనం లోపలికి వెళ్ళం, కావలసింది చెప్తే కొట్టువాడు తెచ్చి ఇస్తాడు కదా, ఎంటీపీ అలాంటిది. కంప్యూటర్ అడుగుతుంది, ఫోన్ ఒక్కొక్కటే తీసి ఇస్తుంది. అందుకే నెమ్మది. అందుకే ఫోన్‌కి డి, ఇ అనే డ్రైవ్ అక్షరం రాదు, ఫోన్లో ఉన్న ఫొటోని అక్కడి నుంచే ఫొటోషాప్‌లో తెరిచి పని చేసుకోలేం. ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకోవాలి.

కెమెరా ఫోల్డర్లో వేల ఫొటోలు ఉంటే, తెరవగానే పైన కనిపించే ఆకుపచ్చ గీత పాకుతూ పాకుతూ ఎంతకీ చివరికి రాదు. టెన్షన్ పడి కేబుల్ లాగేయకండి. వ్యూలో పెద్ద బొమ్మలు తీసేసి 'డీటెయిల్స్' పెట్టండి, ప్రతి ఫొటోకీ చిన్న బొమ్మ తయారుచేసే పని తప్పుతుంది, గీత చకచకా నడుస్తుంది. ఇంకో మాట, నేను అందరికీ గట్టిగా చెప్పేది: కట్, పేస్ట్ చెయ్యకండి. కాపీ చెయ్యండి. కంప్యూటర్లో నాలుగైదు ఫొటోలు, ఒక పెద్ద వీడియో తెరిచి చూడండి. రెండు చోట్లా ఎన్ని ఫైళ్ళు ఉన్నాయో పోల్చండి. ఆ తర్వాతే ఫోన్లో తీసేయండి. కట్ చేస్తున్నప్పుడు మధ్యలో కేబుల్ కదిలితే ఫైలు అక్కడా ఇక్కడా కాకుండా పోవచ్చు.

"గ్యాలరీలో ఉందండి, కంప్యూటర్లో మాత్రం లేదండి" అనే ఫొటోలు కొన్ని ఉంటాయి. ఇక్కడ కనెక్షన్ తప్పేం లేదు. గూగుల్ ఫొటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' ఎప్పుడో నొక్కి ఉంటారు, అసలు ఫొటో గూగుల్ సర్వర్లో ఉంది, ఫోన్లో కనిపించేది దాని బొమ్మ మాత్రమే. ఆ ఫొటో తెరిచి డౌన్‌లోడ్ కొడితే ఫోన్లోకి దిగుతుంది, అప్పుడు కేబుల్‌లో వస్తుంది. వాట్సాప్ ఫొటోలైతే మరో చోట వెతకాలి. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి అవి బయట ఉండవు. ఆండ్రాయిడ్ ఫోల్డర్లో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, అందులో వాట్సాప్, అందులో మళ్ళీ మీడియా. అన్ని తలుపులు దాటితే వాట్సాప్ ఇమేజెస్ కనిపిస్తుంది.

డివైస్ మేనేజర్లో పసుపు ముక్కోణం కనిపించిన వాళ్ళకి: ఆ పేరు మీద కుడి మీట నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' చేసి, కేబుల్ తీసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్ళీ పెట్టండి. విండోస్ తన డ్రైవర్ తనే తెచ్చుకుంటుంది. అయినా రాకపోతే అదే చోట 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి, కంప్యూటర్లో ఉన్నవాటిలోంచి నేనే ఎంచుకుంటాను అని చెప్పి, 'ఎంటీపీ యూఎస్‌బీ డివైస్' అనేదాన్ని ఎంచుకోండి. డ్రైవర్ కంప్యూటర్లోనే ఉంటుంది, నెట్‌లో వెతకక్కర్లేదు. అన్నీ సరిగ్గా ఉండి కూడా రాని కంప్యూటర్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. సెట్టింగ్స్‌లో 'అబౌట్' తెరిస్తే విండోస్ పేరు చివర 'ఎన్' అని ఒక అక్షరం ఉంది. ఆ ఎన్ రకం విండోస్‌లో మీడియా భాగాలు ఉండవు, ఎంటీపీ వాటి మీదే ఆధారపడుతుంది. ఆప్షనల్ ఫీచర్స్‌లోంచి మీడియా ఫీచర్ ప్యాక్ ఎక్కించి రీస్టార్ట్ చేయగానే ఫోన్ వచ్చేసింది.

సంక్రాంతికి అమెరికా నుంచి, హైదరాబాదు నుంచి పిల్లలు వస్తారు, ఐఫోన్లు వస్తాయి. వాటికి ఫైల్ ట్రాన్స్‌ఫర్ గొడవ లేదు, 'ట్రస్ట్ దిస్ కంప్యూటర్' అని అడుగుతుంది, ట్రస్ట్ నొక్కి పాస్‌కోడ్ కొట్టాలి. లాక్ వేసి ఉంటే అడగనే అడగదు. అయితే ఐఫోన్‌తో వచ్చే అసలు చికాకు వేరు. సగం ఫొటోలు కాపీ అయ్యాక 'ఎ డివైస్ అటాచ్డ్ టు ద సిస్టమ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్' అని ఆగిపోతుంది. చదివితే కేబుల్ పాడైందనిపిస్తుంది, కాదు. 2017 నుంచి ఐఫోన్లు ఫొటోలని హెచ్ఈఐసీ అనే కొత్త రకంలో దాస్తున్నాయి, విండోస్‌కి ఇచ్చేటప్పుడు జేపెగ్‌లోకి మారుస్తూ ఇస్తాయి. ఆ మార్చడంలో తడబడి ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో ఫొటోస్ వెతికి తెరిచి, కింద 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' దగ్గర 'కీప్ ఒరిజినల్స్' పెడితే ఆగకుండా వస్తాయి. ఆ తర్వాత కంప్యూటర్లో మనమే జేపెగ్ చేసుకోవచ్చు.

పిల్లల ఆఫీసు లాప్‌టాప్‌లో ఫోన్ తెరుచుకోకపోతే దాంతో కుస్తీ పట్టకండి. కంపెనీలు చాలావరకు యూఎస్‌బీ ద్వారా ఫైళ్ళు రాకుండా, పోకుండా కట్టడి చేస్తాయి. అది పాడవ్వడం కాదు, నియమం. ఇంటి కంప్యూటరే వాడుకోండి.

కేబుల్ లేకుండా వైఫైలో పంపుకునేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే, ఫైళ్ళు పంపుకునే క్విక్ షేర్ విండోస్‌కి కూడా ఉంది, నాలుగైదు ఫొటోలకి హాయిగా ఉంటుంది. ఫోన్, కంప్యూటర్ ఒకదానికొకటి కనిపించకపోతే, రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా అని చూడాలి. ఉన్నాయండి అనేస్తారు, కానీ కొంచెం లోతుగా చూడాలి. మా ఇంట్లోనే కింద ఇంటర్నెట్ వాళ్ళు పెట్టిన పెట్టె ఒకటి, మేడ మీదకి సిగ్నల్ అందక మేము కొనుక్కున్న రౌటర్ ఒకటి ఉన్నాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టారు మావారు. మేడ మీద ఫోన్‌కి 192.168.0తో మొదలయ్యే అంకె (ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్కులో దాని చిరునామా) వచ్చింది, కింద కంప్యూటర్‌కి 192.168.1తో మొదలయ్యేది వచ్చింది. మూడో అంకె వేరైతే అవి రెండు వేరు వేరు నెట్‌వర్కులు, రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తుంది కానీ ఒకదాన్నొకటి చూసుకోలేవు. మేడ మీద రౌటర్‌ని కింది పెట్టె నెట్‌వర్కునే పైకి అందించే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాక సర్దుకుంది. మీ ఫోన్లో ఆ వైఫై పేరు మీద నొక్కితే ఈ అంకె కనిపిస్తుంది, కంప్యూటర్లో నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి 'ఐపీకాన్ఫిగ్' అని కొడితే కనిపిస్తుంది. 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కి రౌటర్ అంకె ఇవ్వనే లేదని అర్థం, వైఫై తీసి మళ్ళీ కలపండి. అంకెలు కలిసినా కనపడకపోతే, కంప్యూటర్లో ఆ వైఫైని 'పబ్లిక్' నుంచి 'ప్రైవేట్'కి మార్చండి, ఫోన్లో వీపీఎన్ ఉంటే ఆపండి, గెస్ట్ వైఫైలో ఉంటే బయటికి రండి. బ్లూటూత్‌లో మాత్రం వీడియోలు పంపకండి, ఒక జీబీ వెళ్ళేసరికి గంట దాటిపోతుంది.

ఇక నేను ఎక్కువ మనసు పెట్టి చేసేది టచ్ పోయిన ఫోన్లు. ఒక కుర్రాడు వాళ్ళమ్మగారి ఫోన్ తెచ్చాడు. తెర వెలుగుతోంది, వేలు పెడితే పలకదు. "అక్కా, అమ్మ ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయండి. లాక్ నంబర్ తెలుసండి, కొట్టడానికి లేదండి" అన్నాడు. ఓటీజీ ముక్క, అంటే ఫోన్ రంధ్రానికి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న అడాప్టర్, పెట్టి మామూలు కంప్యూటర్ మౌస్ ఫోన్‌కి తగిలించాను. తెర మధ్యలో చిన్న బాణం వచ్చింది. ఎడమ మీట పట్టుకుని పైకి లాగితే లాక్ తెర జరిగింది, అంకెలు ఒక్కొక్కటే నొక్కమని మౌస్ తనకే ఇచ్చాను. తెరుచుకుంది. కానీ మౌస్, కేబుల్ రెండింటికీ రంధ్రం ఒకటే. మౌస్ తీసి కేబుల్ పెట్టేలోపు తెర ఆరిపోతే మళ్ళీ లాక్ పడుతుంది, ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కడానికి వేలు పనిచెయ్యదు. అందుకని మౌస్ ఉండగానే స్క్రీన్ టైమవుట్ 10 నిమిషాలకి పెంచాం. 'అబౌట్ ఫోన్'లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, 'డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్' దగ్గర ఫైల్ ట్రాన్స్‌ఫర్ పెట్టాం. అప్పుడు మౌస్ పీకి ఎర్ర టేపు కేబుల్ గుచ్చితే ఫోల్డర్లు తెరుచుకున్నాయి. తర్వాత ఆ సెట్టింగ్ మళ్ళీ మార్చేయాలి, కాపలా తీసేసి ఉంచకూడదు.

కొన్ని కంపెనీల ఫోన్లలో ఓటీజీని ముందే సెట్టింగ్స్‌లో ఆన్ చేసి ఉంచాలి, వాడకపోతే కాసేపటికి అదే ఆగిపోతుంది. టచ్ పోయాక అలాంటి ఫోన్‌కి మౌస్ పనిచెయ్యదు, ముందు డిస్‌ప్లే మార్పించాలి. డిస్‌ప్లే మార్చడానికి ఫోన్లో ఉన్నది చెరపనక్కర్లేదు, ఆ మాట షాపులో ఫోన్ ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి, రీసెట్ చెయ్యొద్దని బిల్లు మీద రాయించుకోండి. మీ ఇంట్లో అలాంటి పాత ఫోన్ ఏ బీరువా సొరుగులోనో ఉంటే ఈ ఆదివారమే బయటికి తీసి చూడండి. వెనక మూత లేచి, బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, కేబుల్ గుచ్చకండి, ముందు బ్యాటరీ మార్పించండి.